పొగమంచు పెంచిన చెట్లు

కాలిఫోర్నియా ఉత్తర తీరంలో వానలు చలికాలంలో కురుస్తాయి. అక్టోబరు ప్రాంతంలో మొదలై ఏప్రిల్, మే నెలలకల్లా వెనక్కి తగ్గుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చెప్పుకోదగ్గ వాన పడదు. మన నేలకైతే ఎండలు ముదిరాక నైరుతి రుతుపవనాలు వచ్చి ఊపిరి పోస్తాయి. అక్కడ ఆ ఆసరా లేదు. పగటి పొద్దు సాగి, ఎండ దండిగా కాసి, మొక్కలు జోరుగా పెరగవలసిన నెలలే నీళ్లు లేని నెలలు.

లోకంలోకెల్లా ఎత్తయిన చెట్లు పెరుగుతున్నది సరిగ్గా ఆ తీరంలోనే. వాటిని కోస్ట్ రెడ్‌వుడ్ అంటారు. 2006లో రెడ్‌వుడ్ నేషనల్ పార్కులో ఇద్దరు అన్వేషకుల కంటపడిన ఒక చెట్టుకు హైపీరియన్ అని పేరు పెట్టారు. శాస్త్రవేత్త స్టీవ్ సిల్లెట్ దాని కొస దాకా ఎక్కి, అక్కడి నుంచి టేపు కిందికి వదిలి కొలిస్తే 115.55 మీటర్లు వచ్చింది. కుతుబ్ మినార్ ఎత్తు 72.5 మీటర్లు. దాని మీద ఇంకో 43 మీటర్లు కడితే గాని ఈ చెట్టు కొసకు అందదు.

వాన లేని నాలుగు నెలలూ ఇంత చెట్టుకు నీరెక్కడిది? నడివేసవి తెల్లవారుజామున ఆ అడవిలో నిలబడితే సగం జవాబు చెవులకే తెలుస్తుంది. బయట కొండవాలు మీద గడ్డి ఎండిపోయి ఉంటుంది. చెట్ల కింద మాత్రం టపటపా చినుకులు రాలుతుంటాయి. ఫెర్న్ ఆకులు తడిసి వంగి ఉంటాయి, అడుగు వేస్తే నేల మెత్తగా దిగుతుంది. పైన వానమబ్బు ఉండదు. ఉన్నదల్లా పొగమంచు. చినుకులు రాలుతున్నది చెట్ల నుంచే. ఈ అధ్యాయంలో ఆ చినుకుల వెంటే నడుద్దాం. చెట్టు ఎత్తు రహస్యమూ, దాన్ని కాపాడుకునే దారీ రెండూ ఆ నీటి దారిలోనే ఉన్నాయి.

మూడు జాతులు

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. రెడ్‌వుడ్ అన్న పేరు మూడు దగ్గరి జాతులకు వాడుకలో ఉంది. సియెరా నెవాడా పర్వతాల పడమటి వాలులో, మంచు కురిసే ఎత్తుల్లో ఉండేది జెయింట్ సెకోయా. అది ఎత్తు కంటే లావులో ఘనాపాఠి. అక్కడి జనరల్ షెర్మన్ చెట్టు ఎత్తు దాదాపు 84 మీటర్లే, కానీ మాను ఘనపరిమాణం 1,487 ఘనపు మీటర్లు. ఒక్క మానును లెక్కలోకి తీసుకుంటే ఇప్పుడు బతికున్న చెట్లలో దాన్ని మించింది లేదు. రెండోది చైనాకు చెందిన డాన్ రెడ్‌వుడ్. 1941లో జపాన్ శాస్త్రవేత్త షిగెరు మికి శిలాజాలను చూసి దానికి పేరు పెట్టాడు. ఎప్పుడో అంతరించిందనుకున్న ఆ జాతి చెట్లు అదే దశాబ్దంలో మధ్య చైనా లోయల్లో సజీవంగా దొరికాయి.

మూడోది మన కథానాయిక, కోస్ట్ రెడ్‌వుడ్. ఒకప్పుడు ఈ కుటుంబం చెట్లు ఉత్తరార్ధగోళంలో చాలాచోట్ల విస్తరించి ఉండేవని శిలాజాలు చెబుతున్నాయి. వాతావరణం మారేకొద్దీ వాటి నేల కుదించుకుపోయింది. ఇప్పుడు కోస్ట్ రెడ్‌వుడ్‌కు సహజ నివాసంగా మిగిలింది ఒక్క పట్టీ. ఆరెగాన్ రాష్ట్రపు నైరుతి మూల నుంచి కాలిఫోర్నియాలోని బిగ్ సర్ దాకా సుమారు 750 కిలోమీటర్ల పొడవు, ఎక్కడా 75 కిలోమీటర్లు దాటని వెడల్పు. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి మ్యూర్ వుడ్స్, శాంతాక్రజ్ కొండల్లోని బిగ్ బేసిన్ ఈ పట్టీలోవే. బే ఏరియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామంది ఈ చెట్ల కింద నడిచే ఉంటారు.

సముద్రం పంపే నీరు

ఆ పట్టీ గీతను ఎవరు గీశారు? సముద్రమే. వసంతం నుంచి వేసవి చివరి దాకా ఆ తీరం వెంబడి వాయవ్య దిక్కు నుంచి గాలులు వీస్తాయి. ఆ గాలుల తోపుకు, భూభ్రమణ ప్రభావం తోడై, తీరం దగ్గరి పైపొర నీరు నడిసముద్రం వైపు జరుగుతుంది. ఖాళీ అయిన చోటికి లోతుల్లోని చల్లని నీరు పైకి ఉబికి వస్తుంది. అందుకే ఎండాకాలంలోనూ అక్కడి కడలి నీళ్లు కాళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. పసిఫిక్ మీదుగా వచ్చే తేమగాలి ఈ చల్లని నీటిని తాకగానే అందులోని ఆవిరి సన్నని బిందువులుగా మారుతుంది. అదే పొగమంచు. దాని పైన వెచ్చని పొడిగాలి మూతలా పరుచుకుని ఉండడం వల్ల అది పైకి లేవలేదు. అటు లోపలి మైదానాలు ఎండకు కాగి, అక్కడి గాలి తేలికై పైకి లేస్తుంటే ఆ చోటిని నింపడానికి తీరపు గాలి పొగమంచుతో సహా నదీలోయల గుండా లోపలికి సాగుతుంది.

మనకు పొగమంచు అంటే లంబసింగిలోనో అరకులోనో చలికాలపు ఉదయం. అక్కడ అది ఎండాకాలపు సరుకు. ఈ తేడాయే రెడ్‌వుడ్ బతుకుకు ఆధారం.

పొగమంచు బిందువులు తమంతట తాము రాలేంత బరువుండవు. ఏదో ఒకటి అడ్డుపడి వాటిని పట్టుకోవాలి. రెడ్‌వుడ్ ఆ పని చేస్తుంది. సన్నని ఆకులు లక్షల సంఖ్యలో ఉన్న కొమ్మల గుండా మంచు సాగుతుంటే బిందువులు ఆకులకు అంటుకుంటాయి. ఒకటి పక్కదానితో కలుస్తుంది. కాస్త బరువెక్కాక ఆకు కొసకు జారి, అక్కడ క్షణం వేలాడి, నేలకు రాలుతుంది.

ఇలా రాలే నీరు ఎంత? బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త టాడ్ డాసన్ మూడేళ్లపాటు కొలిచి 1998లో ఫలితాలు ప్రకటించాడు. పొగమంచు నీటిలో హైడ్రోజన్, ఆక్సిజన్‌ల బరువైన ఐసోటోపుల పాలు వాననీటిలో కంటే ఎక్కువ. కాబట్టి మొక్కలోని నీటిని పరీక్షిస్తే అది ఏ దారిన వచ్చిందో పట్టుకోవచ్చు. ఏడాది మొత్తంలో ఆ అడవికి అందే నీటిలో 34 శాతం చెట్ల నుంచి రాలిన పొగమంచేనని తేలింది. చెట్టు కింద పెరిగే చిన్న మొక్కలు కూడా వేసవిలో ఈ నీటి మీదే ఆధారపడుతున్నాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. చెట్లు లేని చోట పొగమంచు నుంచి నేలకు అందినది 17 శాతమే. అంటే చెట్టు తనకు కావలసిన వానను తానే కురిపించుకుంటోంది, తన కింద ఉన్నవాటికీ పంచుతోంది. చెట్టును నరికితే పోయేది కలప ఇచ్చే మాను ఒక్కటే కాదు, ఆ చోటుకు వచ్చే నీరు కూడా.

115 మీటర్ల మీదికి నీరెలా ఎక్కుతుంది?

గొట్టంలోంచి గాలి పూర్తిగా లాగేసినా నీరు 10 మీటర్ల ఎత్తుకు మించి ఎక్కదు. వాతావరణ పీడనం దాన్ని అంతవరకే నెట్టగలదు. మరి చెట్టుకు మోటారు లేదు, గుండె లేదు. అది చేసే పని నెట్టడం కాదు, లాగడం. ఆకుల మీది పత్రరంధ్రాల నుంచి నీరు ఆవిరైపోతుంటే దాని వెనక ఉన్న నీరు ముందుకు జరుగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి గనుక దారువులోని సన్నని నాళికల్లో కొస నుంచి వేరు దాకా నీటి పోగు తెగకుండా పైకి కదులుతుంది.

ఎత్తు పెరిగేకొద్దీ ఈ లాగుడు తీవ్రమవుతుంది. భూమ్యాకర్షణను ఎదుర్కోవడానికే ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనమంత బలం కావాలి. నాళికల్లో రాపిడి దీనికి అదనం. జార్జ్ కోచ్, స్టీవ్ సిల్లెట్, వారి సహచరులు అతి పొడవైన చెట్ల తలలకెక్కి కొలిచి 2004లో ఫలితాలు ప్రకటించారు. వేసవి మధ్యాహ్నం వేళ ఆ కొసల్లో నీటి మీద లాగుడు సుమారు 18 వాతావరణ పీడనాలకు సమానం. ఇంకా లాగితే నీటి పోగులో గాలి బుడగ పుట్టి తెగిపోయే ప్రమాదం ఉంది. దాన్ని తప్పించుకోవడానికి చెట్టు పత్రరంధ్రాలను మూసుకుంటుంది. రంధ్రాలు మూసుకుంటే కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు, కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది, పెరుగుదల నెమ్మదిస్తుంది. ఈ లెక్కలన్నీ చూసి రెడ్‌వుడ్ ఎత్తుకు హద్దు 122 నుంచి 130 మీటర్ల మధ్య ఉంటుందని వారు అంచనా వేశారు.

ఒకే చెట్టు నుంచి రెండు రెమ్మలు తెచ్చి పక్కపక్కన పెడితే ఈ హద్దు కంటికి కనిపిస్తుంది. కింది కొమ్మ నుంచి తెచ్చిన రెమ్మకు ఆకులు రెండు వరసల్లో, పలచగా, బల్లపరుపుగా, రెండు సెంటీమీటర్లకు అటూఇటూ పొడవుతో ఉంటాయి. కొస నుంచి తెచ్చిన రెమ్మకు కొద్ది మిల్లీమీటర్ల పొలుసులే, మందంగా, రెమ్మకు హత్తుకుపోయి ఉంటాయి. రెండూ ఒకే చెట్టువని చెబితే తప్ప తెలియదు. పైన నీరు చాలక ఆకు విప్పారలేదు, అంతే తేడా.

అయితే వేళ్ల నుంచి వచ్చే నీరు ఒక్కటే కాదు దీనికి దిక్కు. ఆకు తడిసినప్పుడు ఆ తడిని నేరుగా లోపలికి తీసుకోగలదు. రెడ్‌వుడ్ ఆకులు రెండు రకాల పనివాళ్లని 2022లో అలానా చిన్ బృందం చూపింది. రెమ్మను అంటిపెట్టుకుని ఉండే పొట్టి ఆకులు నీటిని పీల్చుకుంటాయి. పక్కలకు చాచుకుని ఉండేవి ఆహారం తయారుచేస్తాయి. పెద్ద చెట్టు ఆకులు తడిసిన మొదటి గంటలోనే 50 లీటర్ల దాకా తాగగలవని వారి లెక్క. వాన ఎక్కువగా పడే ఉత్తరాన పీల్చే ఆకులు కింది కొమ్మల్లో ఎక్కువ. పొడిగా ఉండే దక్షిణాన అవి పైకొమ్మల్లో ఎక్కువ, ఎందుకంటే అక్కడ పొగమంచే దిక్కు, అది ముందు తగిలేది తలకే. చెట్టు తానున్న చోటిని బట్టి తన ఆకులను అమర్చుకుంటోంది.

కొమ్మల మీద ఇంకో అడవి

1980ల చివరి దాకా ఈ చెట్ల తలల్లో ఏముందో దాదాపు ఎవరికీ తెలియదు. మొదటి కొమ్మే నేలకు 50 మీటర్ల పైన ఉంటే ఎక్కేదెవరు? 1987లో విద్యార్థిగా ఉన్న సిల్లెట్ మొదటిసారి ఎక్కాడు. తర్వాత ఆయన, ఆయన తోటివారు తాళ్ల సాయంతో చెట్టు వెనక చెట్టు ఎక్కి కొలుస్తూ పోయారు.

గాలివానకు విరిగిన కొమ్మల నుంచి కొత్త మానులు నిలువుగా లేచి, ఒక చెట్టు తలలోనే చిన్న చిన్న చెట్ల గుంపు ఏర్పడుతుంది. ఆ మానుల పంగల్లో రాలిన ఆకులు కుళ్లి మట్టి అవుతాయి. ఆ మట్టిలో ఫెర్న్‌లు దట్టంగా పెరుగుతాయి, హకల్‌బెర్రీ పొదలు కాయలు కాస్తాయి, వేరే జాతి చెట్ల మొక్కలు కూడా మొలుస్తాయి. స్పాంజిలాంటి ఆ మట్టి పొగమంచును, వానను నిలవ చేసుకుంటుంది. ఆ తడిలో కోపిపాడ్లనే సూక్ష్మ నీటిజీవులు కూడా దొరికాయి.

అక్కడే బతికే వాండరింగ్ సాలమాండర్‌కు ఊపిరితిత్తులు లేవు. చర్మంతోనే శ్వాసిస్తుంది. చర్మం తడిగా లేకపోతే ప్రాణం నిలవదు. అందుకే ఫెర్న్ మట్టి దానికి ఇల్లు. ప్రమాదం వస్తే కొమ్మ మీంచి దూకేస్తుంది. పడుతున్నప్పుడు కాళ్లు చాచి, తోక ఆడిస్తూ, తన దిశను తానే సరిచేసుకుంటుందని 2022లో గాలి సొరంగంలో చేసిన ప్రయోగాల్లో తేలింది.

మార్బుల్డ్ మరెలెట్ అనేది చేపలు తిని బతికే సముద్రపు పక్షి. ఇది గూడెక్కడ పెడుతుందో చాలాకాలం పక్షిశాస్త్రవేత్తలకు అంతు చిక్కలేదు. 1974లో బిగ్ బేసిన్ పార్కులో ఒక డగ్లస్ ఫర్ చెట్టు మీద, నేలకు 45 మీటర్ల ఎత్తున దాని గూడు బయటపడింది. నాచు పరుచుకున్న లావాటి ముసలి కొమ్మే దాని గూడు. ఏటా ఒక్కటే గుడ్డు. సముద్రం నుంచి చేపను ముక్కున కరుచుకుని అడవిలోకి ఎగిరి వస్తుంది. లేత అడవిలో అంత లావు కొమ్మలుండవు. అందుకే ముదురు అడవి తరిగేకొద్దీ ఈ పక్షీ తగ్గుతూ వచ్చింది.

మోడు చిగిర్చే విద్య

రెడ్‌వుడ్ బెరడు 30 సెంటీమీటర్ల మందం దాకా ఉంటుంది. అందులో టానిన్లు ఎక్కువ, మంటను రాజేసే రెజిన్ లేదు. చేవకు పురుగు, కుళ్లు తొందరగా పట్టవు. రెండు వేల ఏళ్లు దాటిన చెట్లు ఇంకా బతికి ఉండడానికి ఇదొక కారణం. వేళ్లు మాత్రం లోతుకు పోవు. నాలుగు మీటర్ల లోపే ఉంటూ చుట్టూ ముప్పై మీటర్ల దాకా పాకి పక్క చెట్ల వేళ్లతో పెనవేసుకుంటాయి. గాలికి నిలవడం గుంపుగా చేసే పని.

విత్తనాలు టమాటా గింజంత ఉంటాయి. మొలకెత్తేవి కొన్నే. ఈ జాతికి అసలు బలం పిలకల్లో ఉంది. శంకువృక్షాల్లో చాలావాటికి నరికితే మోడు మళ్లీ చిగిర్చే గుణం లేదు. రెడ్‌వుడ్ చిగిరిస్తుంది. మొదలు దగ్గరి బొడిపెల్లో, బెరడు కింద నిద్రాణమైన మొగ్గలుంటాయి. తల్లి చెట్టు కూలినా దాని చుట్టూ వలయంగా పిల్లచెట్లు లేస్తాయి. నేటి అడవుల్లో కనిపించే ఎన్నో గుండ్రటి గుంపుల మధ్యలో ఒకప్పుడు ఒక మహావృక్షం ఉండేది.

2020 ఆగస్టులో పిడుగులకు రేగిన కార్చిచ్చు బిగ్ బేసిన్ పార్కులో 97 శాతాన్ని కాల్చేసింది. ఆకన్నది లేకుండా మానులు నల్లగా నిలబడ్డాయి. కొద్ది నెలలకే ఆ మసి మానుల పొడవునా ఆకుపచ్చ చిగుళ్లు పొడుచుకొచ్చాయి. ఆకులే లేని చెట్టుకు ఆ చిగుళ్లను పెంచే ఆహారం ఎక్కడిది? చిగుళ్లలోని కార్బన్ వయసును కొలిచిన శాస్త్రవేత్తలు 2023లో జవాబు చెప్పారు. దశాబ్దాల కిందట తయారుచేసి దాచుకున్న పిండిపదార్థాన్ని చెట్టు అప్పుడు బయటికి తీసింది. వందల ఏళ్లుగా బెరడు కింద పడుకున్న మొగ్గలను దానితో లేపింది.

ఏరు పైన నరికితే

ఇంత ఓర్చుకునే చెట్టుకు రంపం ముందు మాత్రం నిలవడం సాధ్యం కాలేదు. క్లామత్ నది ఒడ్డున యురోక్ ప్రజలు తరతరాలుగా రెడ్‌వుడ్ పలకలతో ఇళ్లు కట్టుకున్నారు, మానులను తొలిచి పడవలు చేసుకున్నారు. చిన్న మంటలు పెట్టి అడవి అడుగును శుభ్రంగా ఉంచారు. అడవి తరగలేదు. 1849 నాటి బంగారపు వేటతో అంతా తలకిందులైంది. పెరుగుతున్న నగరాలకు కలప కావాలి. పుచ్చిపోని, నిటారుగా చీలే ఈ కలప ఇళ్లకు, రైలు పట్టాల కింది దిమ్మెలకు, నీటి తొట్లకు తరలిపోయింది. సుమారు 20 లక్షల ఎకరాల ముదురు అడవిలో ఇప్పుడు మిగిలింది నూటికి 5 పాళ్లు.

కాపాడే ప్రయత్నాలూ నరుకుడు సాగుతుండగానే మొదలయ్యాయి. 1902లో బిగ్ బేసిన్, 1908లో మ్యూర్ వుడ్స్ రక్షణ పొందాయి. 1918లో సేవ్ ద రెడ్‌వుడ్స్ లీగ్ ఏర్పడి చందాలు పోగుచేసి తోపుల వెంట తోపులు కొన్నది. హంబోల్ట్ కౌంటీ మహిళా సంఘాలు ఊరూరా ప్రచారం చేశాయి. జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఇచ్చిన విరాళంతో బుల్ క్రీక్ ఒడ్డున గొప్ప అడవి దక్కింది. కానీ వాళ్లు కొన్నది ఏటి ఒడ్డు చదును నేలను, అక్కడి చెట్లను. పైన కొండలు ఇతరుల చేతుల్లోనే ఉన్నాయి. 1940ల తర్వాత ఆ కొండలను నరికేశారు. 1955 డిసెంబరు వరదకు బోడికొండల మట్టి, రాళ్లు, దుంగలు ఏట్లోకి దిగాయి. ఏరు మేట వేసి, దారి మార్చి, గట్లను కోసింది. రక్షణలో ఉన్న చెట్లు వందల సంఖ్యలో వేళ్లతో సహా కూలిపోయాయి. వాటి మీద ఎవరూ గొడ్డలి వేయలేదు.

అయినా అదే పొరపాటు మళ్లీ జరిగింది. 1963లో రెడ్‌వుడ్ క్రీక్ ఒడ్డున 112 మీటర్ల చెట్టు కనబడడంతో నేషనల్ పార్కు కావాలన్న ఉద్యమం బలపడి, 1968లో పార్కు ఏర్పడింది. ఆ ఎత్తయిన చెట్లున్న చోట పార్కు అంటే ఏటికి ఇరువైపులా సన్నని పట్టీ. జనం దాన్ని పురుగు అనేవారు, పటంలో అలాగే కనిపించేది. ఆ పట్టీకి పైన కొండవాలంతా నరుకుతూ పోయారు. మట్టి కిందికి దిగింది. పదేళ్ల పోరాటం తర్వాత 1978లో అమెరికా కాంగ్రెస్ మరో 48,000 ఎకరాలను పార్కులో కలిపింది. వాటిలో ఎక్కువ భాగం అప్పటికే నరికేసిన నేల. ఏ వింత చెట్టూ లేని బోడికొండలను ప్రజల సొమ్ముతో కొన్నారు, కింద ఉన్న చెట్లు నిలవాలంటే ఆ కొండలు కదలకుండా ఉండాలని అప్పటికి అర్థమైంది గనుక.

చెట్టు కాదు, చోటు

రెడ్‌వుడ్ అడవి మనకు నేర్పే పెద్ద పాఠం ఆ 48,000 ఎకరాల్లో ఉంది. చెట్టు కొస సముద్రపు గాలితో, వేళ్లు పైకొండ మట్టితో, కొమ్మలు పక్షితో, సాలమాండర్‌తో ముడిపడి ఉన్నాయి. చుట్టూ కంచె వేసి చెట్టును ఒంటరిగా నిలబెడితే అది నిలవదు.

ఇప్పుడు అక్కడ జరుగుతున్న పని ఈ ఎరుకతోనే సాగుతోంది. కలప లారీల కోసం కొండల మీద వేసిన పాత రోడ్లను తవ్వి, కొండవాలును మళ్లీ పూర్వపు ఒంపుకు తెస్తున్నారు. అప్పట్లో మూసుకుపోయిన వాగులను తెరుస్తున్నారు. నరికిన చోట కిక్కిరిసి పెరిగిన లేత అడవిలో కొన్ని చెట్లను తీసి మిగిలినవాటికి వెలుతురు ఇస్తున్నారు. హైపీరియన్‌ను చూడాలని జనం దారి లేని చోట తొక్కుకుంటూ పోవడంతో చుట్టూ ఫెర్న్‌లు నశించి నేల గట్టిపడింది. అందుకే 2022లో ఆ పరిసరాల్లోకి ప్రవేశం నిషేధించారు. మీరితే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. వేళ్లు అంత పైపైనే ఉన్న చెట్టుకు అభిమానుల అడుగులు కూడా బరువే.

ఏ పార్కు హద్దుకూ లొంగనిది పొగమంచు ఒక్కటే. విమానాశ్రయాల మబ్బు రికార్డులను, తీరానికీ లోపలి ఊళ్లకూ మధ్య ఉష్ణోగ్రతల తేడాను పరిశీలించి, 20వ శతాబ్దం మొదట్లో కంటే వేసవి పొగమంచు సుమారు మూడోవంతు తగ్గిందని 2010లో జేమ్స్ జాన్‌స్టన్, టాడ్ డాసన్ చెప్పారు. కొన్ని ముదురు అడవుల్లో ఇటీవలి దశాబ్దాల పెరుగుదల బాగానే ఉంది, కాబట్టి ఇప్పటికిప్పుడు కీడు ముంచుకొచ్చిందని అనలేం. కానీ వేడెక్కే లోకంలో పొగమంచు పలచబడుతూ పోతే ముందు దెబ్బ తినేది పొడిగా ఉండే దక్షిణపు అడవులూ, లోతుకు వేరు దించని పసిమొక్కలూ. ఎకరానికి ఇంత కార్బన్‌ను దాచుకునే అడవి భూమి మీద మరొకటి లేదు. అంటే మనం గాలిలోకి వదిలే కార్బన్‌ను ఇముడ్చుకుంటూ ఈ చెట్లు చేసే మేలు, ఆ కార్బన్ వల్లే చెడిపోయే పొగమంచు మీద ఆధారపడి ఉంది. అందుచేత ఈ అడవిని నిలబెట్టే పని కాలిఫోర్నియాలో మొదలైనా అక్కడితో ముగియదు. బొగ్గు, పెట్రోలు మండించే ప్రతి దేశానికీ అందులో వాటా ఉంది, మనకూ ఉంది.